మీటర్‌లో 48 చూపిస్తే బగ్గీ బ్యాటరీ నిండినట్టు కాదు

48 వోల్టుల బగ్గీ. సీటు ఎత్తి, మల్టీమీటర్ రెండు కొసలకీ పెడితే సరిగ్గా 48.0 అని వచ్చింది. ‘ఫుల్లుగానే ఉంది సార్, మోటార్‌లోనే ఏదో తేడా’ అంటాడు డ్రైవరు. బండి మీద 48 అని రాసుంది, మీటర్‌లోనూ 48 వచ్చింది కాబట్టి ఆ మాట ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. కానీ ఆ బ్యాటరీల్లో మిగిలిన చార్జి 43 శాతం దగ్గర ఉంటుంది. సగం కూడా లేదు.

48 అనేది పిలుపుకి పెట్టుకున్న పేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో సెల్‌ని 2 వోల్టుల కింద లెక్కగట్టి 24 సెల్స్‌కి 48 అంటారు. నిండా చార్జి అయి, కాసేపు కదలకుండా ఉన్న సెల్ మీద నిజంగా కనిపించేది 2.12 వోల్టులు. 24 సెల్స్ కలిస్తే 50.9. సగం చార్జికి అది 48.4కి దిగుతుంది, ఐదో వంతు మిగిలేసరికి 46.6కి. అంటే నిండు బ్యాటరీకీ, దాదాపు ఊడ్చుకుపోయిన బ్యాటరీకీ మధ్య తేడా నాలుగున్నర వోల్టులు కూడా లేదు. ఇంత ఇరుకులో చూడాలి కాబట్టి చుక్క తర్వాతి అంకెను వదిలేస్తే చూసి లాభం లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. చార్జర్ పీకిన వెంటనే కొలిస్తే 53, 54 కూడా చూపిస్తుంది. అది ప్లేట్ల పైపైన నిలిచిన చార్జి, చూస్తుండగానే జారిపోతుంది. బండి ఎక్కొచ్చాక వెంటనే కొలిస్తే ఇందుకు ఉల్టాగా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బండిని కనీసం ఆరు గంటలు ముట్టుకోకుండా వదిలేశాక వచ్చిన అంకెనే నమ్మాలి. రాత్రి చార్జింగ్ ముగిశాక పొద్దున్నే, తాళం తిప్పకముందు చూసుకోవడం అన్నిటికన్నా సులువు.

ఈ బగ్గీలు గోల్ఫ్ మైదానాల కోసం పుట్టినవి. పేరున్న రెండు అమెరికన్ కంపెనీలు, ఈ-జెడ్-గో, క్లబ్ కార్, రెండింటికీ జార్జియాలోని అగస్టా పట్టణమే నెలవు. మొదటిది 1954లో అక్కడే పుట్టింది, రెండోది 1962లో హ్యూస్టన్ నుంచి అక్కడికి మారింది. మన దగ్గర గోల్ఫ్ ఆడేవాళ్ల కంటే ఈ బండి ఎక్కేవాళ్లే చాలా ఎక్కువ. గేటెడ్ కమ్యూనిటీల్లో పెద్దవాళ్లని తిప్పేది, రిసార్టుల్లో సామాను మోసేది, హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో పిల్లల్ని ఎక్కించుకునేది ఈ జాతి బండే. కొన్నప్పుడు బండిని చూస్తారు, రంగు చూస్తారు, సీట్లు లెక్కపెడతారు. సీటు కింద ఏముందో మొదటిసారి చూసేది బండి ర్యాంపు ఎక్కనన్నప్పుడే.

సీటు కింద మామూలుగా ఉండేవి 8 వోల్టులవి ఆరు, లేదా 6 వోల్టులవి ఎనిమిది, లేదా 12 వోల్టులవి నాలుగు. ఎలా పేర్చినా సెల్స్ 24. ఈ రంగంలో బాగా నలిగిన ట్రోజన్ టీ-105నే తీసుకుంటే, 6 వోల్టులు, 225 యాంపియర్ అవర్లు, బరువు 28 కిలోలు. అలాంటివి ఎనిమిదంటే 224 కిలోలు. లోపల నిల్వ ఉన్న కరెంటు, మన కరెంటు బిల్లు భాషలో చెప్పుకుంటే, 10.8 యూనిట్లు.

ఆ 225 అంకె కూడా పూర్తి నిజం కాదు. ఇరవై గంటల పాటు నింపాదిగా తీసుకుంటే వచ్చేది అంత. 75 యాంపియర్ల చొప్పున లాగితే అదే బ్యాటరీ 115 నిమిషాలకి చేతులెత్తేస్తుంది. 75ని 115 నిమిషాలతో గుణించి గంటల్లోకి మారిస్తే 144 యాంపియర్ అవర్లు. ఆ తగ్గిన మూడో వంతు పైచిలుకు ఎక్కడికీ పోలేదు, వేగంగా లాగితే ప్లేట్ల లోలోపలికి రసాయన చర్య చేరుకోలేదంతే. అందుకే ఆరుగురిని ఎక్కించుకుని వాలు ఎక్కే బండి, ఇద్దరితో చదును రోడ్డు మీద తిరిగే బండి ఇచ్చినన్ని కిలోమీటర్లు ఇవ్వదు. దాన్ని బ్యాటరీ జబ్బు అనుకుని మెకానిక్‌ని పిలవక్కర్లేదు.

మొత్తం చెప్పే అబద్ధం

అసలు జబ్బులు ఒక్కో బ్యాటరీలో మొదలవుతాయి. సెట్టులోని అన్నీ ఒకేసారి పోవడం అరుదు. ఒకటి ముందు బలహీనపడి మిగతావాటినీ లాగేస్తుంది. అయినా చాలాచోట్ల కొలిచేది మొత్తాన్నే, డాష్‌బోర్డు మీటరు చూపించేదీ మొత్తాన్నే.

ఒక లెక్క వేద్దాం. 8 వోల్టుల బ్యాటరీలు ఆరు. ఐదు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కోటి 8.49. ఆరోదాంట్లో నాలుగు సెల్స్‌లో ఒకటి లోపల షార్టయింది. అది ఇక 6.37 మాత్రమే చూపిస్తుంది. మొత్తం కూడితే 48.82. వోల్టులను చార్జి శాతంగా చూపే పట్టికలో చూస్తే అది 57 శాతం. చూసినవాళ్లు ‘సగం పైనే ఉంది, ఇంకాస్త చార్జింగ్ పెట్టు’ అంటారు. ఎంత పెట్టినా 50.9 రాదు, లేని సెల్ నుంచి ఎక్కడ వస్తుంది?

అంతటితో అయిపోతే బాగుండేది. చార్జరుకి ఒక సెల్ పోయిందని తెలీదు. సెల్‌కి 2.45 వోల్టుల చొప్పున 24 సెల్స్‌కి 58.8 చేరేదాకా తోస్తుంది. ఆ 58.8ని ఇప్పుడు 23 సెల్సే పంచుకోవాలి. ఒక్కోదాని వాటా 2.56. ఈ వోల్టేజీ దగ్గర రోజూ గంటల తరబడి ఉంచితే బాగున్న సెల్స్ కూడా బుసబుసా పొంగుతాయి, వేడెక్కుతాయి, నీళ్లు ఆవిరవుతాయి. ‘ఈమధ్య బ్యాటరీలు నీళ్లు బాగా తాగుతున్నాయి’ అనే మాట వినపడిందంటే ముందు చూడాల్సింది ఇదే. నీళ్లు పోసి ఊరుకుంటే రెండు మూడు నెలల్లో బాగున్నవీ పాడవుతాయి.

సెల్ షార్టవకుండా ఊరికే నీరసించిన బ్యాటరీ కథ వేరు. అన్నీ వరసగా కట్టి ఉంటాయి కాబట్టి ఆరింటిలోంచీ పారేది ఒకే కరెంటు. ఐదింటికి 170 యాంపియర్ అవర్ల సత్తా ఉండి ఒకదానికి 110కి పడిపోయిందనుకుందాం. బండి 110 వాడేసరికి ఆ ఒక్కటి ఖాళీ. మిగతావాటిలో ఇంకా 60 ఉన్నాయి కాబట్టి బండి నడుస్తూనే ఉంటుంది. అప్పుడు అదే కరెంటు ఖాళీ బ్యాటరీలోని సెల్స్ గుండా బలవంతంగా పారి వాటి ధ్రువాలను తిరగేస్తుంది. ఒకసారి అలా తిరగబడ్డ సెల్ మళ్లీ పూర్తిగా కోలుకోదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. నిండా చార్జి చేసి, పొద్దున్నే ఆరింటినీ విడివిడిగా కొలిచి రాసుకోవాలి. తర్వాత మామూలు రూటులో బండిని ఓ గంట తిప్పి తెచ్చి, ఆపిన వెంటనే అదే వరసలో మళ్లీ కొలవాలి. పొద్దున ఆరూ 8.4 దాటి ఉన్నాయి, గంట తర్వాత ఐదు 8.1 దగ్గర ఆగి ఒకటి 7.7కి పడిందంటే దొంగ దొరికినట్టే. విడిగా పొద్దున్న కొలిచినప్పుడు ఆ బ్యాటరీ కూడా బుద్ధిమంతుడిలాగే కనిపించి ఉంటుంది. పని చేయించాకే గుట్టు బయటపడుతుంది. సర్వీస్ సెంటర్లలో డిశ్చార్జ్ మెషిన్ ఉంటే 48 వోల్టుల బండికి 56 యాంపియర్ల లోడ్ పెట్టి, మొత్తం 42 వోల్టులకి దిగేదాకా ఎన్ని నిమిషాలు నిలిచిందో చూస్తారు. 42 ఎందుకంటే సెల్‌కి 1.75 వోల్టులు అడుగుమట్టం.

ఈ అంకెలు రాసుకునే పుస్తకం ఒకటి బండిలోనే పెట్టుకోవడం మంచిది. ఈ నెల 8.42 అన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. పోయిన నెల అదే 8.46, అంతకుముందు 8.48, పక్కవి కదల్లేదు అంటే తెలియాల్సింది తెలుస్తుంది.

గ్రావిటీ చూడటంలో ఇన్వర్టర్ అలవాటు

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరు వోల్ట్‌మీటరు కంటే నిజాయితీపరురాలు. రబ్బరు బుడ్డి నొక్కి యాసిడ్ పైకి లాగితే గాజు గొట్టంలో తేలే పుల్ల మీద యాసిడ్ గ్రావిటీ (చిక్కదనం) అంకె కనిపిస్తుంది. మెకానిక్‌లు దాన్ని ‘పన్నెండు వందల యాభై’ అని చదువుతారు, పుస్తకాల్లో 1.250. గోల్ఫ్ కార్ట్ బ్యాటరీల్లో టీ-105 కుటుంబానికి నిండు చార్జి అంటే 1.277, సగం అంటే 1.172.

ఇక్కడ మన ఊళ్లలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మన మెకానిక్‌లలో ఎక్కువమంది చెయ్యి తిరిగింది ఇంటి ఇన్వర్టర్ల మీద. ఇన్వర్టర్ల ట్యూబులర్ బ్యాటరీలో నిండు చార్జికి గ్రావిటీ మామూలుగా 1.240 దగ్గర. అదే కొలబద్దతో బగ్గీ బ్యాటరీ చూసి ‘పన్నెండు నలభై వచ్చింది, ఫుల్’ అంటారు. బగ్గీ బ్యాటరీకి 1.240 అంటే 80 శాతమే. రోజూ అక్కడే చార్జింగ్ ఆపేస్తే ఆ మిగిలిన 20 శాతం లెడ్ సల్ఫేటుగా ప్లేట్ల మీదే గట్టిపడుతుంది, కొన్నాళ్లకి ఏ చార్జరూ దాన్ని కరిగించలేదు. ఈ దేశంలో బగ్గీ బ్యాటరీలకి అకాల మరణం తెచ్చేవాటిలో ఇదొకటని నా అనుమానం. బ్యాటరీ కంపెనీ కాగితం మీద ఏ అంకె ఉందో అది చూసుకోవాలి, మెకానిక్ జ్ఞాపకాన్ని కాదు.

24 సెల్స్‌లో ఎక్కువ తక్కువల మధ్య తేడా 0.030 లోపుంటే పర్వాలేదు. దాటితే ఈక్వలైజ్ చార్జింగ్ పెట్టి చూడాలి. అంటే సెల్‌కి 2.6 వోల్టుల పైన కొద్ది గంటలు అదుపులో పొంగనివ్వడం. దాని తర్వాత కూడా ఒక సెల్ 0.050 వెనకబడే ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. ఎండాకాలంలో ఒక సవరణ కూడా చేసుకోవాలి. ఈ అంకెలన్నీ 27 డిగ్రీలకి. యాసిడ్ వేడి అంతకు మించితే పైన ప్రతి ఐదున్నర డిగ్రీలకి 0.004 కలుపుకోవాలి. మే నెలలో సీటు కింద యాసిడ్ 44 డిగ్రీలుంటే 1.250 వచ్చినా దాన్ని 1.262గా లెక్కేయాలి.

గ్రావిటీ తక్కువగా ఉందని యాసిడ్ పోసేవాళ్లున్నారు. బ్యాటరీలోంచి యాసిడ్ ఒలికిపోతే తప్ప అది చేయకూడదు. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేటు రూపంలో ప్లేట్లలో ఉంది. కొత్త యాసిడ్ పోస్తే పుల్ల పైకి తేలుతుంది, బండి మాత్రం ఒక్క మీటరు కూడా ఎక్కువ నడవదు. పైపెచ్చు ప్లేట్లని తినడం మొదలుపెడుతుంది.

నీళ్లు, ఎండ, లగ్గులు

నీళ్లు చార్జింగ్ అయ్యాక పోయాలి, ముందు కాదు. చార్జింగ్‌లో యాసిడ్ మట్టం పెరుగుతుంది, ముందే నింపితే పొంగి పైకొస్తుంది, ట్రే తుప్పు పడుతుంది. ఒక్క మినహాయింపు, ప్లేట్లు పైకి తేలి కనిపిస్తుంటే అవి మునిగేంత మాత్రం ముందు పోసి, మిగతాది తర్వాత. మూత కింద ప్లాస్టిక్ గొట్టంలా దిగి ఉంటుంది కదా, దాని అంచుకి 3 మిల్లీమీటర్లు కిందకి వస్తే చాలు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు పనికిరావని అందరికీ తెలుసు, ఆర్‌వో నీళ్లు పర్లేదనుకుంటారు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయడం మరో ఇంటి చిట్కా. అవి ఆవిరి నీళ్లే, కాకపోతే ధూళి పట్టిన కాయిల్ మీద నుంచి జారి వస్తాయి. లక్షలో ఆలోచించే సరుకులో లీటరు నీళ్ల దగ్గర పొదుపు చేయడం నాకైతే అర్థం కాదు.

ఎండ సంగతి తప్పించుకోలేనిది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందన్నది ఈ పరిశ్రమలో వాడే లెక్క. కొత్తగూడెంలోనో రెంటచింతలలోనో మే మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద చార్జింగ్ పెట్టడం కంటే రాత్రి పదింటికి పెట్టడం ఎందుకు మేలో దీన్ని బట్టే తెలుస్తుంది. మంచి చార్జర్లు వేడిని బట్టి వోల్టేజీ తగ్గించుకుంటాయి. సెల్‌కి డిగ్రీకి 0.005 వోల్టులు, 24 సెల్స్‌కి డిగ్రీకి 0.12. బ్యాటరీ 40 డిగ్రీలుంటే 58.8కి బదులు 57.0 సరిపోతుంది. వేడిని పసిగట్టే ఆ సెన్సర్ వైరు ఊడి పక్కన వేలాడుతున్న చార్జర్లు చాలా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

కేబుల్ కొసల లగ్గుల దగ్గర తెల్లగా, పచ్చగా పొట్టు కట్టి ఉంటే దాన్ని తుడిచి ఊరుకోవద్దు. స్పానరుతో కదిపి చూడండి, కేబులు చేత్తో తిప్పితే తిరుగుతుందేమో. పది మిల్లీ ఓమ్‌ల అడ్డు అంటే చాలా చిన్నది, మామూలు మీటరుకి సరిగా అందదు కూడా. వాలు మీద మోటారు 100 యాంపియర్లు లాగితే ఆ ఒక్క కీలు దగ్గరే ఒక వోల్టు పోతుంది, వంద వాట్ల వేడి పుడుతుంది. పాతకాలం వంద వాట్ల బల్బు ఒక సీసపు బుడిపె మీద వెలిగినంత వేడి. బుడిపె కరిగి ఒరిగిపోయిన బ్యాటరీలు అలా వచ్చినవే. బండి తిప్పి ఆపిన వెంటనే కేబుల్ కొసలు ఒక్కొక్కటే పైపైన తాకి చూస్తే వేడెక్కింది ఏదో తెలుస్తుంది. శుభ్రం చేయడానికి తినే సోడా కలిపిన నీళ్లు, పాత టూత్ బ్రష్షు చాలు. మూతలన్నీ బిగించి ఉండాలి, సోడా నీళ్లు ఒక్క చుక్క సెల్‌లోకి పోకూడదు.

చెయ్యి పెట్టేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. 48 వోల్టులు పొడి చేతికి షాక్ కొట్టవు గానీ, స్పానరు రెండు టెర్మినళ్ల మీద అడ్డం పడితే ఎర్రగా కాలి అతుక్కుంటుంది. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మెట్ల కింది గదిలో తలుపు మూసి చార్జింగ్ పెట్టే అపార్ట్‌మెంట్లకి ఈ మాట ముఖ్యంగా.

లైట్లు, మ్యూజిక్ ఎక్కడ నుంచి తీశారు?

బగ్గీ కొన్నాక రంగు లైట్లు, హారన్, మ్యూజిక్ సిస్టం బిగిస్తారు. అవన్నీ 12 వోల్టులవి. ఎలక్ట్రీషియన్ మొత్తం 48లోంచి కాకుండా రెండు 6 వోల్టుల బ్యాటరీల నుంచో, ఒక 12 వోల్టుల బ్యాటరీ నుంచో వైరు లాగేస్తాడు. 5 యాంపియర్ల చొప్పున సాయంత్రం నాలుగు గంటలు వెలిగితే రోజూ 20 యాంపియర్ అవర్లు ఆ బ్యాటరీల నుంచే అదనంగా పోతాయి. చార్జర్ మాత్రం అన్నిటికీ ఒకే కరెంటు పంపుతుంది. వీటికి చాలదు, మిగతావాటికి ఎక్కువవుతుంది. ఆరు నెలల తర్వాత ‘ఎప్పుడూ ముందు పక్కన ఉన్నవే పోతున్నాయి, కంపెనీ సరుకు బాగోలేదు’ అని తిడతారు. మొత్తం 48ని 12కి దించే కన్వర్టర్ ఒకటి పెడితే ఈ తద్దినం తప్పుతుంది.

చార్జింగ్ అలవాటు గురించి రెండు మాటలు చాలు. ‘పూర్తిగా అయిపోయాకే పెట్టాలి’ అన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలపు మాట, లెడ్ యాసిడ్‌కి అది విషం. రోజూ సగంలోపు వాడి రోజూ నింపడం మంచిది. పెట్టాక చార్జర్ తనంతట తాను ఆగేదాకా తీయకూడదు. మొదటి 80 శాతం త్వరగా ఎక్కుతుంది, ఆఖరి 20 శాతానికి గంటలు పడుతుంది, ఆ గంటలే ప్లేట్లని కాపాడతాయి. సెలవులకి బండిని వదిలి వెళ్లేవాళ్లు నిండా చార్జి చేసి వెళ్లాలి. బ్యాటరీ మరీ అడుగంటితే కొన్ని చార్జర్లు దాన్ని గుర్తుపట్టక అసలు మొదలే పెట్టవు. అప్పుడు చార్జర్ పోయిందనుకుని కొత్తది కొంటారు.

ఒకటి పోతే ఒకటే మార్చాలా, ఆరూ మార్చాలా? మిగతావి కొన్ని నెలల వయసువైతే అదే కంపెనీ, అదే సత్తా ఉన్నది ఒకటి వేయొచ్చు. మూడేళ్లు దాటినవైతే కొత్తది పెట్టినా పాతవాటి స్థాయికే త్వరగా దిగుతుంది, డబ్బు దండగ. కొత్త సెట్టు వేశాక మొదటి కొన్ని పదుల చార్జింగ్‌ల దాకా పూర్తి సత్తా రాదు, ఆ రోజుల్లో దూరం తక్కువొచ్చిందని గొడవ పెట్టుకోవద్దు.

లిథియంకి మారాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.2 వోల్టులు, పదహారు కలిస్తే 51.2. నిండు నుంచి ఐదో వంతు దాకా దాని వోల్టేజీ దాదాపు కదలదు కాబట్టి పైన చెప్పిన వోల్టుల లెక్క అక్కడ చెల్లదు. లోపలి బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) చెప్పే శాతమే చూసుకోవాలి. నీళ్ల బెడద లేదు, బరువు సగానికన్నా తక్కువ. చార్జర్ మాత్రం దానికి తగ్గదే ఉండాలి, నిండు చార్జి 58.4 దగ్గర ఆగేది. పాత చార్జర్ ఈక్వలైజ్ పేరుతో 60 దాటిస్తే బీఎంఎస్ సరఫరా కోసేస్తుంది.

పాత లెడ్ బ్యాటరీలకి తూకం మీద ధర వస్తుంది. సీసం రేటుని బట్టి అది కొత్త సెట్టు ధరలో చెప్పుకోదగ్గ భాగమే, బేరం ఆడకుండా వదలొద్దు. బరువు దింపుకోవడానికో ఆటోలో కారుతుందనో కొందరు ముందే యాసిడ్ కాలవలో ఒంపేస్తారు. అలా చేయకుండా మూతలు బిగించి, నిలబెట్టి, కొన్న డీలరుకే అప్పజెప్పాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే.